అన్యోనె మంటల పండగ: పండగకి ఐదు స్టార్లు, మమ్మల్ని తీసుకెళ్ళిన ప్యాకేజీకి ఒకటిన్నర

ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తాను. ఇటలీలో అన్యోనె అని ఒక కొండ ఊరుంది, అక్కడ డిసెంబరు 8 రాత్రి మంటల పండగ చేస్తారు, వీలుంటే తప్పకుండా చూడండి. కానీ మేం వెళ్ళిన ప్యాకేజీలో మాత్రం వెళ్ళకండి. ఆ ఏజెంటు పేరు అడగొద్దు. మాకు ఇంకా ముప్ఫై రెండు వేలు రావాలి, పేరు రాస్తే అవీ రావని అమ్మ పట్టుబట్టింది.

మాది శ్రీకాకుళం, ఆర్‌సీఎం కుటుంబం, అంటే రోమన్ కాథలిక్కులం. రోమ్ వెళ్ళి పునీత పేతురుగారి గుడి చూడాలని అమ్మకి నా చిన్నప్పటినుంచీ కోరిక. నాన్న ఉన్నన్నాళ్ళూ "వచ్చే ఏడు, వచ్చే ఏడు" అంటూనే గడిచిపోయింది. నాన్న పోయాక వచ్చిన డబ్బుల్లోంచే తీసి అమ్మా, నేనూ, మా అప్పా (మా వైపు అక్కని అప్ప అంటాం), బావా నలుగురం బయల్దేరాం. మనిషికి లక్షా తొంభై వేలు. మొత్తం ఏడు రాత్రులు, ఆరు రోమ్‌లో, ఒకటి ఈ అన్యోనెలో. రోమ్ గురించి నేను రాయను, రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. అమ్మ పేతురుగారి గుడిలో అడుగుపెట్టి గంటన్నర ఎవరితోనూ మాట్లాడలేదు, అంతవరకు చాలు.

ఏజెంటు ఇచ్చిన కాగితం మీద "అగ్నోన్" అని ఉంది. మంటల పండగ జరిగే ఊరు కదా, పేరులో అగ్ని ఉండటం సబబే అనుకున్నాను. తీరా చూస్తే ఆ గ పలకనే పలకరు, అన్యోనె అంటారు. మా బావ మాత్రం చివరిదాకా "అన్యోన్యం" అనే అన్నాడు, విచిత్రం ఏమిటంటే ఆ ఊరివాళ్ళకి అర్థమైంది కూడా. పండగ పేరు అంతకన్నా కష్టం, న్దొచ్చాత. న్దొచ్చ అంటే వాళ్ళ యాసలో కాగడా. మొదట్లో ఉన్న ఆ న్ ముక్కులోంచి రావాలి, అమ్మకి తప్ప మాలో ఎవరికీ రాలేదు.

ఆ ఊరు మొలీసె అనే ప్రాంతంలో ఉంది. ఇటలీలో చాలా చిన్న ప్రాంతాల్లో ఒకటి, జనం మొత్తం మూడు లక్షలకి కాస్త తక్కువ. 1963 దాకా పక్కనున్న అబ్రుజ్జోతో కలిసి ఉండేది. మిగతా ఇటలీవాళ్ళు "మొలీసె అనేదే లేదు" అని జోకులేసుకుంటారట. మా వ్యాన్ డ్రైవరు కూడా ఆ జోకు వేసి తనే నవ్వుకున్నాడు. తుఫాను వస్తే తప్ప టీవీలో కనపడని జిల్లావాళ్ళం, మాకు అందులో నవ్వు రాలేదు. పైగా అక్కడా మనలాగే వలసలు. ఒకప్పుడు అమెరికాకీ అర్జెంటీనాకీ ఓడలెక్కి పోయారు. ఇప్పుడు ఊళ్ళో ఉండేది ఐదు వేలమందికి కాస్త అటూ ఇటూ. పండగ రాత్రి మాత్రం అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటు లేదు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచీ చెన్నై నుంచీ బస్సులు దిగినప్పుడు మన ఊళ్ళ మొహం ఎలా మారిపోతుందో, అచ్చం అలాగే ఉంది.

ఇప్పుడు ఏజెంటు సంగతి. మూడు తప్పులు చేశాడు, ఒకదాన్ని మించినది ఒకటి.

మొదటిది, బిల్లులో "ఫెస్టివల్ ఎంట్రీ, మనిషికి 45 యూరోలు" అని వేశాడు. అక్కడ ఎంట్రీ అనేదే లేదండీ. వీధిలో నిలబడి చూసే ఊరేగింపు అది, మమ్మల్ని ఎవరూ టికెట్ అడగలేదు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఊరేగింపు చూడ్డానికి ఎవడైనా బయటివాళ్ళకి టికెట్ అమ్మితే ఎలా ఉంటుంది? అంతే ఇది కూడా. నలుగురికి 180 యూరోలు, లెక్క మీరే కట్టుకోండి.

రెండోది, "అన్యోనెలో బస" అన్నాడు. గది అన్యోనెలో లేదు. కొండ దిగి అరగంట వెళ్తే హైవే పక్కన లారీ డ్రైవర్లు పడుకునే లాంటి హోటల్. "అన్యోనె ఏరియా అని రాశాం కదా సార్" అని తర్వాత ఫోన్లో వాదించాడు. రాజాం వెళ్ళేవాడికి చీపురుపల్లిలో గది ఇచ్చి రాజాం ఏరియా అన్నట్టుంది.

మూడోది అన్నిటికన్నా ఘోరం. వ్యాన్ రాత్రి ఏడున్నరకే వెనక్కి వెళ్ళిపోవాలట, డ్రైవరు డ్యూటీ గంటలు అయిపోతాయట. చీకటి పడ్డాక మొదలయ్యే పండగకి ఏడున్నరకి వెనక్కి! పెద్ద మంట వేసేది ఆఖర్న. అంటే మంటల పండగకి తీసుకెళ్ళి మంట చూపించకుండా తీసుకొచ్చేస్తాడన్నమాట. డ్రైవరు తప్పేం లేదు, పాపం మంచివాడు, అతనికి ఇచ్చిన కాగితంలో అలా ఉంది. ఆ కాగితం తయారుచేసినవాడు ఈ పండగ ఎప్పుడూ చూడలేదని నాకు అక్కడే అర్థమైంది.

మధ్యాహ్నం దాటాక ఊళ్ళోకి చేరాం. రోమ్ నుంచి రెండొందల కిలోమీటర్ల దూరం ఉంటుంది, చివర ఘాట్ రోడ్డులో అప్పకి వాంతులు. ఊరు ఎనిమిది వందల మీటర్ల పైన ఉంది. అరకు కన్నా తక్కువ ఎత్తేగానీ చలి అరకు చలి కాదు. గాలి చెవులు కోసేస్తోంది. ఇళ్ళన్నీ రాతివి, ఒకదాన్నొకటి ఆనుకుని కొండ అంచునే ఉన్నాయి. ఆ రోజు నిష్కళంక మాత, అంటే మరియమాత పండగ, ఇటలీ అంతటా సెలవు. గుడికి వెళ్ళి మోకరించి వచ్చేసరికి అమ్మకి ఆకలేసింది, ఎదురుగా కనిపించిన మిఠాయి కొట్లోకి దూరాం.

ఆ కొట్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా రాత్రి గట్టెక్కింది దానివల్లే. అక్కడ అమ్మేది ఒస్తియే అనే మిఠాయి. మా చర్చి పూజలో దివ్యసత్ప్రసాదంగా ఇచ్చే అప్పం ఉంటుంది చూడండి, తెల్లగా పల్చగా నాలిక మీద కరిగిపోయేది, అదే పిండితో చేసిన రెండు పెద్ద బిళ్ళల మధ్య అక్రోటు, బాదం, తేనె కలిపి ఉడికించిన ముద్ద పెట్టి నొక్కేస్తారు. ఆ ఊరి క్లారమ్మ మఠంలోని సిస్టర్లు మొదలుపెట్టారని చెప్పుకుంటారు. కొట్లో ఉన్న పెద్దావిడ ఒకటి తీసి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒరే, ఇది అప్పం కాదేటి? పూజ లేకుండా ఎలగ తింటాం?" అంది. నేను ఫోన్లో అనువాదం పెట్టి ఆవిడకి చూపిస్తే ఆవిడ కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి నవ్వింది. తర్వాత సిలువ గుర్తు వేసుకుని, తనే ఒకటి కొరికి, ఏమీ కాలేదు చూడు అన్నట్టు రెండు అరచేతులూ చూపించింది. అప్పుడు తింది అమ్మ. పైన కరకర కూడా కాదు, చిన్న టప్‌మన్న చప్పుడు, లోపల మన బెల్లంపాకంలో వేసిన జీడిపప్పులా మెత్తగా, దాల్చినచెక్క వాసన. పలాస నుంచి తీసుకెళ్ళిన జీడిపప్పు ప్యాకెట్ ఒకటి ఆవిడకిచ్చాం. ఆవిడ ఊరుకోకుండా గరుకు గరుకుగా పంచదార పట్టించిన బాదం బిళ్ళలు పొట్లం కట్టిచ్చింది.

వ్యాన్ ఏడున్నరకే వెళ్ళిపోతుందని బావ చేతులు తిప్పుతూ ఆవిడకి చెప్పాడు. తెలుగులోనే చెప్పాడు. ఆవిడ ఫోన్ తీసి ఎవరికో చేసింది, ఐదు నిమిషాల్లో గది దొరికింది. వాళ్ళ బంధువులావిడ ఇంటి మీద రెండు గదులు అద్దెకిస్తుందట, రెండూ కలిపి 90 యూరోలు. ఆ గదులకి నాలుగున్నర స్టార్లు ఇస్తాను. మెట్లు నిటారుగా ఉన్నాయి, అమ్మ మోకాళ్ళకి కష్టమైంది, అందుకే అర స్టార్ తగ్గించాను. కట్టెల పొయ్యి వెచ్చదనం, ఉదయం వేడి వేడి పాలు, మందపాటి ఉన్ని దుప్పట్లు. ఇంకేం కావాలి?

సరే, పండగ.

ముందు కాగడా ఎలా ఉంటుందో చెప్పాలి. మన కాగడాలా కర్రకి గుడ్డ చుట్టి నూనెలో ముంచిన సరుకు కాదు. వెండి ఫర్ అని ఒక రకం కొండ చెట్టు, దేవదారు జాతి, దాని చెక్కని సన్నటి బద్దలుగా చీల్చి, మధ్యలో ఎండిన పొదల పుల్లలు కూరి, తాళ్ళతో బిగించి కడతారు. ఒక్కోటి రెండు నిలువుల పొడవు. ఒంటి కాగడాలు పిల్లలు పట్టుకుంటారు. పెద్దవాళ్ళవి రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది అలా సరిసంఖ్యలో పెరుగుతాయి, ఇరవై దాకా. వాటన్నిటినీ విసనకర్రలా విప్పి ఒక చట్రానికి బిగిస్తారు, ఆ చట్రాన్ని భుజాలకెత్తుకుని మోస్తారు. కావిడి మోసేవాడిని ఊహించుకోండి. రెండు పక్కలా కుండలకి బదులు తలపైన పురి విప్పిన మంట ఉంటుంది. ఊరి చుట్టూ ఐదు పేటలున్నాయి. గ్వాస్త్ర, సాన్ క్విరికో, ఇలాంటి పేర్లు. ఎవరి కాగడాలు వాళ్ళవే, వాటికోసం వారాల ముందునుంచీ చెక్క చీలుస్తారు. ఎవరివి గొప్పవనే పంతం మన వీధుల మధ్య భోగి మంటల పంతం లాంటిదే, కాకపోతే వీళ్ళు పక్కింటి పెరట్లో దుంగలు ఎత్తుకురారు. ఏమో, చిన్నప్పుడు ఎత్తుకొచ్చేవారేమో, అడగలేదు.

మేం ఆర్‌సీఎం అయినా మా వీధిలో భోగి మంట దగ్గర పెరగని పిల్లాడు లేడు. తెల్లారగట్ట మూడింటికి లేచి, తాటికమ్మలు ఈడ్చుకెళ్ళి వేసి, చలి కాచుకుంటూ నిలబడటం నాకు పూజకి వెళ్ళడం ఎంత అలవాటో అంత అలవాటు. అందుకే మంట చూడ్డానికి అంత దూరం వెళ్ళాలా అని మొదట్నుంచీ గొణిగింది నేనే. ఒప్పుకుంటున్నాను, పొరపాటు పడ్డాను.

మేం నిలబడింది పెద్ద వీధిలో ఒక మలుపు దగ్గర. చీకటి పడింది. వీధి దీపాలు ఆరిపోయాయి. జనం మాట్లాడుకుంటూనే ఉన్నారుగానీ గొంతులు తగ్గాయి. పునీత అంతోనివారి గుడి పెద్ద గంట మోగింది. చాలా లోతైన మోత, మెల్లగా, ఒక దెబ్బ పూర్తిగా చల్లారాక ఇంకో దెబ్బ. ఆ తర్వాత ఏమీ కనపడకముందే వాసన వచ్చింది. ఆ చెక్కలో జిగురు ఉంటుంది, కాలుతుంటే గుగ్గిలం వేసినట్టే ఉంటుంది. "సాంబ్రాణి వేశారేటి?" అంది అమ్మ. ఆ తర్వాత శబ్దం. చిటపట అనే మాట సరిపోదు, వానాకాలం మొదటి చినుకులు రేకుల మీద పడ్డప్పుడు వచ్చే చప్పుడు, వందల రేకుల మీద ఒకేసారి. అప్పుడు మలుపు తిరిగి మంట కనిపించింది.

ముందు చిన్నపిల్లలు, ఒక్కో కాగడా పట్టుకుని మహా సీరియస్ మొహాలతో. వాళ్ళ వెనక నల్లటి దుప్పటి లాంటి పాతకాలం అంగీలు, టోపీలు వేసుకున్న మగాళ్ళు. గొర్రెల కాపర్లు వేసుకునేవట అవి. మధ్యమధ్యలో తోలుతిత్తి సన్నాయి ఊదేవాళ్ళు, అంటే చంకలో తిత్తి పెట్టుకుని నొక్కుతూ వాయిస్తారు, మన తిత్తి లాంటిదే. తర్వాత పెద్దవి వచ్చాయి. ఎనిమిది మంటలవాడు మా ముందుకొచ్చి ఆగాడు. పాతికేళ్ళుంటాయేమో. మొహం ఎర్రగా కందిపోయి, కనుబొమల మీద మసి, చెమట గడ్డం దాకా కారి అక్కడినుంచి బొట్లు బొట్లుగా పడుతోంది. ఆ చలిలో చెమట. కాళ్ళు ఎడంగా పెట్టి, ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకుని, తన చుట్టూ తాను తిరిగాడు. ఆ మొత్తం పురి గాలిలో గిర్రున తిరిగింది, భగ్గుమని రేగింది, నిప్పురవ్వలు మా తలల మీదుగా వెళ్ళి వెనకాల రాతిగోడకి కొట్టుకున్నాయి. జనం అరుపులు. ముందు వరసలో ఉన్నవాళ్ళకి మొహం కాలిపోతున్నంత వేడి, వీపు మాత్రం గడ్డకడుతూనే ఉంది. ఆ తేడా నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. కొత్తగా కొన్న నైలాన్ జాకెట్ వేసుకుని ముందు వరసలో నిలబడకండి. నా ఎడమ చేతి మీద ఒక రవ్వ పడింది, అగ్గిపుల్ల తలంత రంధ్రం, అంచులు కరిగి గట్టిపడ్డాయి. రెండు వేల ఎనిమిది వందల జాకెట్. అమ్మ మాత్రం ఉన్ని స్వెట్టర్ మీద పొందూరు దుప్పటి కప్పుకుని ఉంది. తన మీద కూడా రవ్వ పడింది. అమ్మ భోగి మంట దగ్గర చేసినట్టే అరచేత్తో తట్టేసి మళ్ళీ మంట కేసి చూసింది, ఏ గొడవా లేదు.

పక్కన నిలబడ్డ ముసలాయన ఒకాయన ఫోన్ అనువాదంతో మాకు చాలా చెప్పాడు. ఈ కాగడాలకి మొదలు ఏమిటంటే, చుట్టుపక్కల పల్లెల రైతులు క్రిస్మస్ రాత్రి పూజకి కొండదారిలో నడిచి రావడానికి వెలిగించుకునేవారట. ఇప్పటికీ డిసెంబరు 24 రాత్రి కూడా కాగడాలు తీస్తారు. క్రీస్తుకి ముందు ఆ కొండల్లో ఉన్న సామ్నైట్లు అనే జనం చలికాలంలో మంటలు వేసేవారని, ఇది దాని కొనసాగింపని కూడా అంటారు. నాకు బాగా నచ్చింది ఇంకో ముచ్చట. పెళ్ళికాని కుర్రాడు తన కాగడా పట్టుకుని నచ్చిన అమ్మాయి ఇంటి ముందు ఆగేవాడట. అమ్మాయి కిటికీలోకి వస్తే సరే అన్నట్టు. ఇష్టం లేకపోతే పైనుంచి బకెట్ నీళ్ళు గుమ్మరించేవారట, కాగడా మీదా, కుర్రాడి మీదా. అప్ప వెంటనే బావ వైపు తిరిగి, "నేనైతే రెండు బకెట్లు పోసేదాన్ని" అంది. బావ "నువ్వు పోసినా నేను తడిగుడ్డల్తో నిలబడేవాడినే" అన్నాడు. చలికో సిగ్గుకో అప్ప దుప్పటి మొహం దాకా లాక్కుంది.

1996 డిసెంబరు 8న ఈ ఊరివాళ్ళు ఈ కాగడాలన్నిటినీ రోమ్ తీసుకెళ్ళి పేతురుగారి గుడి ముందున్న మైదానంలో వెలిగించారు. రెండో జాన్ పాల్ పోపుగారు ఫాదర్ అయి 50 ఏళ్ళు నిండిన సందర్భం. మేం నాలుగు రోజుల ముందు నిలబడి ఫోటోలు తీసుకున్న రాళ్ళ మీదే ఈ మంట తిరిగిందని ఆయన చెప్పినప్పుడు అమ్మ జపమాల బయటికి తీసింది.

మన భోగి మంట ఒకచోట కూర్చుంటుంది, మనమే దాని దగ్గరికి వెళ్తాం. వీళ్ళ మంటకి కాళ్ళున్నాయి, అది ఇంటింటి ముందుకీ వస్తుంది. నాకు సిరిమాను గుర్తొచ్చింది. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు ఆ మాను కదిలినప్పుడు దారి పొడవునా మేడలెక్కి నిలబడ్డ జనం ఒక్కసారిగా గుక్క పట్టినట్టు ఆగిపోతారు చూడండి, అదే ఇక్కడా. దూరం నుంచి చూస్తే వీధంతా నిప్పుల ఏరు. కొండవాలు కాబట్టి నిజంగానే పారినట్టు ఉంటుంది.

అంతా బాగుందని అనను. మూత్రశాలలు చాలవు, అమ్మలాంటివాళ్ళకి పెద్ద ఇబ్బంది, మేం రెండుసార్లు మిఠాయి కొట్టావిడ దగ్గరికే పరిగెత్తాం. మైకులో ఒకాయన ఇటాలియన్‌లో ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు, ఆ చిటపటల మధ్య అది అవసరమా? గాలి మా వైపు తిరిగినప్పుడల్లా పొగతో కళ్ళు మండాయి. ఆస్తమా ఉన్నవాళ్ళు ఆలోచించుకోండి. నా ముందు ఒకాయన ఫోన్ పైకెత్తినవాడు దించలేదు, సగం పండగ నేను ఆయన స్క్రీన్‌లోనే చూశాను. ఒక ముప్పావుగంట తర్వాత కొంచెం ఒకేలా అనిపిస్తుంది కూడా, ఇంకోటి, ఇంకోటి, తిరగడం, చప్పట్లు. అప్పుడు పక్కకెళ్ళి ఏదైనా తిని రావడం మంచిది.

తిండికి నాలుగు స్టార్లు. ఆ ఊరి పండగ సూపు ఒకటుంది, సాంతే అంటారు, కోడి పులుసు నీళ్ళలో వేయించిన రొట్టె ముక్కలు, గోలీలంత మాంసం ఉండలు, జున్ను ముక్కలు. చలికి అమృతంలా ఉందిగానీ మన నాలికకి ఉప్పూకారం చాలదు. బావ జేబులోంచి చిన్న డబ్బా తీసి అందులో కొంచెం ఆవకాయ ఊట కలిపాడు. నేను కోప్పడ్డాను. తర్వాత నేనూ కలుపుకున్నాను. జున్ను సంగతి వేరే చెప్పాలి. కాచోకవల్లో అని, సొరకాయ ఆకారంలో ఉంటుంది, మెడకి తాడు కట్టి రెండేసి చొప్పున కర్ర మీదుగా వేలాడదీస్తారు, గుర్రం మీద అటో కాలు ఇటో కాలు వేసినట్టు. నిప్పుల మీద కాల్చి రొట్టె మీదకి జార్చి ఇచ్చారు. అది మాత్రం ఏమీ కలపకుండానే తిన్నాం.

ఆఖర్న చౌరస్తాలో పెద్ద మంట. ఊరేగింపులో కాలగా మిగిలిన కాగడాలన్నీ అక్కడికి తెచ్చి వేస్తారు. దాన్ని సోదరభావం మంట అంటారు. ఐదు పేటలవాళ్ళూ అంతసేపు పంతాలు పోయినవాళ్ళు, చట్రాలు దింపి, భుజాలు రుద్దుకుంటూ, ఒకరి సీసాలోంచి ఇంకొకరు తాగుతూ నిలబడ్డారు. మా ముందు తిరిగిన ఆ ఎనిమిది మంటల కుర్రాడు కింద కూలబడి బూట్లు విప్పుతున్నాడు, వాళ్ళమ్మ కాబోలు, ఒకావిడ కొంగు లాంటి శాలువాతో అతని మెడ తుడుస్తూ తిడుతోంది. ఏం తిడుతోందో భాష రాకపోయినా నలుగురికీ అర్థమైంది. అమ్మ ఆ మంట దగ్గరే గంటసేపు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. మేం ఏడున్నర వ్యాన్ ఎక్కి ఉంటే ఇదేదీ లేదు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు ఉదయం గంటల కార్ఖానాకి వెళ్ళాం, ఇది మీరూ మానకండి. మారినెల్లి కుటుంబం వాళ్ళది. వందల ఏళ్ళుగా గుడి గంటలు పోతపోస్తున్నారు. 1924లో పదకొండో పయస్ పోపుగారు తమ చిహ్నం వాడుకోవడానికి వీళ్ళకి అనుమతిచ్చారు. 1995లో రెండో జాన్ పాల్ పోపుగారు స్వయంగా వచ్చారు, పక్కనున్న మ్యూజియానికి ఆయన పేరే పెట్టారు. ఇటుకల గూడు కట్టి, దాని మీద మట్టి మెత్తి గంట ఆకారం తీసి, మైనంతో అక్షరాలూ బొమ్మలూ అతికించి, పైన మళ్ళీ మట్టి పొరలు. ఎండి, కాలాక మైనం కరిగిపోయి ఆ గుర్తులు మట్టిలో మిగులుతాయి. లోపలి మట్టి గంటని పగలగొట్టి తీసేసి ఆ ఖాళీలో కంచు పోస్తారు. 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం.

ఆ లెక్క వినగానే బావ ముందుకొచ్చాడు. వాళ్ళది బుడితి పక్క ఊరు. బుడితి కంచు, ఇత్తడి సామాను మన జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు, వాళ్ళ నాయనమ్మ కంచు గిన్నె ఇప్పటికీ అప్ప దగ్గరుంది. చూపిస్తున్న అమ్మాయి చెక్క సుత్తితో ఒక చిన్న గంటని తడితే బావ చెవి దగ్గరపెట్టి, కళ్ళు మూసుకుని విని, "కల్తీ లేదు" అన్నాడు, పెద్ద పరీక్ష చేసినట్టు. కంచు పోసేటప్పుడు ఫాదర్ గారు వచ్చి మరియమాత ప్రార్థన చదువుతారని ఆ అమ్మాయి చెప్పింది. అది విన్న దగ్గర్నుంచి అమ్మ కార్ఖానాలో ఉన్నంతసేపూ "మా కొరకు వేడుకొనండి" అని మెల్లగా అనుకుంటూనే తిరిగింది. మ్యూజియానికి ఐదు స్టార్లు, మాటలన్నీ ఇటాలియన్‌లోనే ఉన్నా సరే.

మీరు వెళ్ళాలనుకుంటే నా మాట వినండి. రోమ్ వరకు ఎవరి ప్యాకేజీలో వెళ్ళినా పర్వాలేదు, వీసా, టికెట్లు వాళ్ళనే చూసుకోమనండి. అన్యోనె మాత్రం అందులోంచి తీసెయ్యమనండి. గది సరిగ్గా ఊళ్ళోనే, కొన్ని నెలల ముందే, మీరే మాట్లాడుకోండి, బుక్ చేసేముందు మ్యాప్‌లో వేలు పెట్టి చూసుకోండి. 8వ తేదీ మధ్యాహ్నానికే చేరిపోండి, తర్వాత ఊళ్ళోకి బండి వెళ్ళడం కష్టం. ఆ రాత్రి అక్కడే పడుకోండి. ఉన్ని బట్టలు, పాత చెప్పులు కాదు బూట్లు, పెద్దవాళ్ళుంటే మడత స్టూలు. ఆవకాయ సంగతి మీ ఇష్టం.

తిరిగొచ్చాక ఏజెంటు ఆఫీసుకి ఐదుసార్లు వెళ్ళాను. వాడని హోటల్ గది డబ్బులూ, లేని ఎంట్రీ డబ్బులూ వెనక్కివ్వమన్నాను. మొదటిసారి టీ ఇచ్చారు. రెండోసారి నీళ్ళిచ్చారు. మూడోసారి "సార్ బయటికెళ్ళారు" అన్నారు, లోపల్నుంచి ఆయన దగ్గు వినపడుతూనే ఉంది. పండగ నచ్చిందా అని అడిగి, నచ్చిందంటే "మరి ఇంకేంటి సార్" అన్నాడు నాలుగోసారి. నచ్చినందుకే డబ్బులివ్వడట! పది వేలు మాత్రం ఫోన్‌పే చేశాడు, అందుకే ఆ అర స్టార్.

మొన్న భోగికి బావ మా వీధి గుంటలకి, అంటే పిల్లలకి, ఈ పండగ కథంతా చేతులు తిప్పుతూ చెప్పాడు. వాళ్ళు విన్నవాళ్ళు ఊరుకోలేదు. నాలుగు కొబ్బరిమట్టలు వెదురుబద్దకి విసనకర్రలా కట్టి, అంటించి, భుజాన పెట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తారు. వెనకాల కర్ర పట్టుకుని ఎదురింటి మాస్టారు. గడ్డివాము పదడుగుల దూరంలో ఉంది. బావని మాస్టారు ఇప్పటికీ పలకరించట్లేదు. ముప్ఫై రెండు వేలు ఇంకా రాలేదు.